ఎర్ర దీపం

సోమవారం పొద్దున్నే నర్సు కమల పరీక్ష పెట్టె పట్టుకుని వచ్చేసరికి గవరమ్మ నిద్రలోనే మూలుగుతోంది.

ఇప్పుడు ఊరూరా అదే పద్ధతి. రోగి నోట్లో క్రిములు ఏదో ఒక మందుకు లొంగుతాయని పెట్టె పచ్చగా వెలిగితేనే డాక్టర్లు కత్తి పడతారు. ఎర్రగా వెలిగితే, కోసినచోట చీము పట్టి మనిషి దక్కదని ముట్టుకోరు.

గవరమ్మ చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుని, నలభై ఏళ్లు అడ్డపొగ తాగుతూనే నాట్లేసింది. ఇప్పుడు అంగిట్లో కేన్సర్ పుండు. ఏడు వారాలుగా ఎర్ర దీపమే.

"తాతా, మామ్మచేత ఇందులో ఉమ్మించి తే" అంటూ కమల గుమ్మంలోనే సీసా అందించింది.

సింహాద్రి లోపలికెళ్లి పెళ్లాం మొహం చూశాడు. తనెప్పుడూ చుట్ట ముట్టలేదు. ఒక్క పిప్పిపన్ను సలుపు తప్ప తన నోటికి ఏ రోగమూ లేదు. చూస్తూ చూస్తూ చంపుకునేకంటే కోయించడమే నయమనిపించింది. సీసాలో తనే ఉమ్మి, తెచ్చిచ్చాడు.

పెట్టె ఎర్రగా వెలిగింది.

"పోయిన వారంలాగే ఉంది తాతా. ఒక్క మందూ పనిచెయ్యదు" అని కమల పక్కింటికి వెళ్లిపోయింది.

వయసులో ఉన్నప్పుడు రొయ్యలకు రోగం రాకుండా చెరువుల్లో బకెట్లకొద్దీ ఈ మందులే గుమ్మరించిన చేతుల్ని సింహాద్రి చూసుకున్నాడు.

"ఏటందయ్యా?" లోపల్నుంచి గవరమ్మ ముద్దముద్దగా అడిగింది.

"వచ్చే వారం సూద్దారందే."

పిప్పిపన్ను మళ్లీ సలిపింది. ఎల్లుండి పీకించుకోవాలి. పీకేముందు పళ్ల డాక్టరు దగ్గరా ఇలాగే సీసాలో ఉమ్మించి పెట్టెలో పెడతారు.