జవాబు మీది తేదీ

సముద్రంలోని పడవలన్నీ ఇళ్లతో మాట్లాడే కాలమది. నూకరత్నం రోజూ పొద్దున్నే గంజి కాస్తూ పడవలో ఉన్న భర్త మాసేనును పలకరించేది. “వల బరువుగా ఉందే, రేపొచ్చేత్తాను,” అనేవాడు.

పద్దెనిమిది రోజులు అదే మాట వినేసరికి ఆమెకు గుబులు పుట్టింది. కంప్యూటర్లు బాగుచేసే తమ్ముడు ఎర్రయ్యను పిలిపించింది. అతడు కర్ల్ అనే కమాండు కొట్టి, జవాబుతోపాటు సర్వర్ పంపే హెడర్లను, అంటే అది ఎక్కణ్నించి ఎప్పుడు వచ్చిందో చెప్పే వరుసలను, తెరమీదికి రప్పించాడు. చదివి, ఒక వరుస మీద వేలు పెట్టాడు.

“ఇది పడవలోంచి రాలేదప్పా. ఒడ్డునున్న సర్వరు దాసుకున్న మాట, దాన్నే రోజూ ఇనిపిత్తంది. తేదీ సూడు, ఆళ్లెళ్లిన మర్నాటిది.”

నూకరత్నం గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఎదురింటి పోలమ్మ, అదే పడవలో వెళ్లిన తన మొగుడి గొంతు వింటూ నవ్వుతూ కబుర్లాడుతోంది. నూకరత్నం వీధి దాటి వెళ్లి ఆమె చెయ్యి పట్టుకుంది.

“మా తమ్ముణ్ని ఓపాలి లోపలికి రానియ్యే.”