పోలికలు

“అమ్మా” అని పెరట్లోంచి కూతురు పిలిస్తే ఇంట్లో ఇద్దరు తలెత్తారు.

టైలరమ్మ టీ గ్లాసు కింద పెట్టి లేవబోయింది. ఈలోగా ఆ ఇంటి వలలామె గుమ్మం దాటేసింది. తడి బట్టలు గాలికి ఎగిరిపోతున్నాయి, క్లిప్పులు కావాలట. ఆపాటి దానికి ఇద్దరు తల్లులెందుకనుకుని టైలరమ్మ మళ్ళీ కూర్చుంది. టీ తాగబుద్ధి కాలేదు.

సముద్రం ఒడ్డున, బస్సు కూడా రాని ఊరది. కొండ మీంచి నీళ్ళు తిన్నగా ఇసుకలోకి దూకుతాయి. సెలవుల్లో జనం పడవలెక్కి వచ్చేది అది చూడ్డానికే. తల్లీకూతుళ్ళు మాత్రం అందుకు రాలేదు. కన్నతల్లిని ఒక్కసారి చూడాలని కూతురు కొన్నాళ్ళుగా పట్టు పట్టింది. పసిగుడ్డుగా తనను టైలరమ్మ చేతుల్లో పెట్టిన ఆస్పత్రి ఆయాను వెతికి పట్టుకుంది. జలపాతం ఉన్న ఊళ్ళో, ఆ దారిలో ఆఖరి ఇల్లు, ఒంటరి మనిషి అని ఆ ముసలామె గుర్తు చేసుకుని చెప్పింది. టైలరమ్మ వద్దనలేదు. తనూ వస్తానంది, అంతే.

నిన్న తలుపు తీసీ తీయగానే కూతురు ఆ ఇంటామెను వాటేసుకుని భోరుమంది. వలలు బాగుచేసుకుని బతికే ఆ మనిషి కాసేపు కొయ్యబారిపోయింది. తర్వాత మెల్లగా పిల్ల వీపు నిమిరింది. ఆ నిమరడం చూసినప్పటి నుంచి టైలరమ్మ వాళ్ళిద్దరి మీంచి చూపు తిప్పలేదు.

పోలికలు ఒక్కొక్కటే బయటపడుతున్నాయి. అదే గడ్డం. నవ్వొస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం అదే. ఈ రింగుల జుట్టు ఎవరిదే తల్లీ అని ఇన్నేళ్ళూ దువ్వెనతో కుస్తీ పట్టింది కదా, ఇదిగో, వలలామె చెవుల పక్కన. బట్ట మీద చాక్‌పీసు గీత పెడితే వెంట్రుకవాసి తేడా రాని చూపు టైలరమ్మది. ఆ భుజాల వాలు చూస్తే ఒకే జాకెట్టు ఇద్దరికీ సరిపోతుందని తేలిపోయింది. తను పెంచింది నిజమే గానీ, ఒంట్లో ఒక్క గీతన్నా తనది లేదు.

పొద్దెక్కాక ముగ్గురూ జలపాతానికి బయల్దేరారు. దారంతా పాచి పట్టిన రాళ్ళు. జారుతున్న చోట కూతురు చెయ్యి చాపింది, వలలామె వైపు. ఆ దారి అలవాటైన మనిషి కాబట్టి చాపిందని టైలరమ్మ తనకు తాను సర్దిచెప్పుకుంది. మోకాలు పట్టుకుని వెనకే ఎక్కింది.

నీళ్ళ దగ్గర కూతురు ఫోనిచ్చి తమ ఇద్దరికీ ఫొటో తియ్యమంది. టైలరమ్మ తీసింది. అందులో కూతురు నిండుగా ఉంది, వలలామెకు తల లేదు. కూతురు చూసి నవ్వి ఇంకోటి తియ్యమంటే, ఈసారి తల కూడా తియ్యక తప్పలేదు.

అప్పుడన్నది కూతురు. “నువ్వెళ్ళమ్మా, స్కూలు యూనిఫాంలు ఆగిపోయాయి కదా. నేనో వారం ఇక్కడే ఉండొస్తా.”

చెప్పి, నీళ్ళలోకి పరుగెత్తింది. బండ మీద ఇద్దరే మిగిలారు. జలపాతం హోరుకి గొంతు పెంచితే గానీ మాట వినపడదు. పెంచడం టైలరమ్మకు కష్టం కాలేదు.

“కని వదిలేసిన రోజు లేని ప్రేమ ఇప్పుడెక్కడి నుంచి ఊడిపడింది నీకు?”

వలలామె చెంగు భుజం చుట్టూ లాక్కుంది.

“జ్వరమొస్తే భుజాన వేసుకుని తిరిగింది నేను. నా మిషను చప్పుడు వింటే గానీ నిద్రపోయేది కాదది. దాని మొదటి గౌను దగ్గర్నుంచి నిన్న కట్టుకొచ్చిన బట్టల దాకా ప్రతి కుట్టూ నాదే. ఇవాళ నువ్వు చెయ్యందిస్తే అది నీదైపోతుందా?”

అడగాల్సింది అడిగేసరికి ఆయాసం వచ్చింది. వలలామె నీళ్ళలో ఆడుతున్న పిల్లను చూస్తూ కూర్చుంది. టైలరమ్మ మళ్ళీ నోరు తెరవబోయింది.

“నిన్నటి నుంచి మీతో ఒంటరిగా మాట్లాడాలనే చూస్తున్నాను” అంది వలలామె. “మీ పిల్ల కదలనిస్తేగా.”

“ఏం మాట్లాడతావు? నాకు ఇచ్చెయ్యమనా?”

“ఎవరు కావాలని అడిగేలోపే మెడ చుట్టేసింది. అమ్మా అంది. ఆ పిలుపు విన్నాక నాకు నోరు పెగల్లేదు. తప్పు నాదే. ఇక మీరే ఎలాగో నచ్చజెప్పాలి దానికి.”

చెంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఆ ఒత్తుకోవడం కూడా అచ్చం కూతురిలాగే ఉందని టైలరమ్మ పళ్ళు కొరుక్కుంది.

“నాకసలు పిల్లలే పుట్టలేదమ్మా.”