మా వైపు ముక్కు

“ముక్కు మాత్రం అచ్చం మా వైపుదే, వదినగారూ,” అంది వియ్యపురాలు, బల్ల మీది నల్లకాగితం బొమ్మను చూపిస్తూ.

అత్తగారు ఇంకా చేతిసంచీ అయినా కింద పెట్టలేదు. వచ్చీ రాగానే ఈ మాట వినాల్సి వచ్చినందుకు ఆవిడకు ఒళ్ళు మండింది. కళ్ళజోడు సవరించుకుని బొమ్మ మీదికి వంగింది. పక్కకు తిరిగిన పసివాడి తల, ఒట్టి నీడలా ఉంది. నుదుటి మీద లేచిన జుట్టు, ఉబ్బిన బుగ్గ, గుండ్రటి గడ్డం. మధ్యలో బఠానీ గింజంత బుడిపె ముక్కు.

కోడలికి ఈమధ్య ఈ బొమ్మల పిచ్చి పట్టుకుంది. పక్కనుంచి తీసిన ఫొటోను నల్లకాగితం మీద పెట్టి అంచు వెంబడే గీసుకోవడం, కత్తిరించడం, తెల్ల అట్ట మీద అతికించి ఇంట్లో ఉన్న పాత ఫ్రేములో బిగించడం. పెద్ద ఖర్చు లేకుండా గోడకు కళ వస్తుందట. బల్ల మీద ఫ్రేములు రెండున్నాయి. రెండోది దేనికని అడిగితే, సాయంత్రం ఆయన వచ్చాక చూపిస్తానంది.

“మావాడిది పుట్టినప్పటినుంచీ కోటేరు వేసిన ముక్కు,” అంది అత్తగారు. “వాడి కొడుక్కి ఇదెక్కణ్ణుంచి వస్తుంది? నీ కత్తెరే ఎక్కడో దారి తప్పి ఉంటుందమ్మా.”

కోడలు పెదవి బిగబట్టి నవ్వు ఆపుకుంది. అత్తగారు అది చూడనే చూసింది. తల్లీ కూతుళ్ళు ఒకటైపోయారని తేల్చేసుకుంది.

అసలు ఆవిడ బాధ ముక్కు గురించి కాదు. వియ్యపురాలు రెండు వీధుల అవతలే ఉంటుంది. రోజూ వచ్చి మనవడికి స్నానం చేయించేది ఆవిడ, కథలు చెప్పేది ఆవిడ. పండుగాడు నిద్రలేస్తూనే అమ్మమ్మ కావాలంటాడు. నానమ్మ ఎప్పుడో బస్సెక్కి వచ్చే చుట్టం. ఇప్పుడు ముక్కు కూడా వాళ్ళదేనని గోడకెక్కితే, ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ చూసి అవునంటారు.

కోడలు జిగురు తేవడానికి దుకాణానికి వెళ్ళింది. లోపల పండుగాడు నిద్రలేచి అమ్మమ్మా అని పిలిచాడు. వియ్యపురాలు వస్తున్నా కన్నా అంటూ లోపలికి పరుగెత్తింది. ముందుగదిలో అత్తగారూ, బొమ్మా, కత్తెరా మిగిలాయి.

కాస్త సవరిస్తే తప్పేముంది అనుకుంది. ముక్కు కింద కొంచెం తీసింది. మొన తేలింది. పైన ఇంకొంచెం తీసింది, నిటారుగా వచ్చింది. అప్పుడు గడ్డం ఎత్తుగా కనిపించింది, దాన్నీ చెక్కింది. దూరంగా పట్టుకుని చూసుకుంది. ఇప్పుడు ఎవరొచ్చి చెప్పినా ఇది తమ వంశం పోలికే. ముక్కు తాలూకు నల్ల తుక్కును ఊది బల్ల కిందికి పంపించేసింది.

జిగురు సీసాతో తిరిగొచ్చిన కోడలు బొమ్మను చేతిలోకి తీసుకుని అలాగే నిలబడిపోయింది.

“నేనే కాస్త దిద్దానమ్మా,” అంది అత్తగారు, వియ్యపురాలికి కూడా వినబడేలా. “ఇప్పుడు మా పోలిక వచ్చింది.”

కోడలు సొరుగు లాగి ఒక పాత ఫొటోను, ఇంకో నల్లకాగితం బొమ్మను తీసి ఆవిడ ముందు పెట్టింది. ఆ బొమ్మకూ అదే జుట్టు, అదే బుగ్గ, అదే బుడిపె ముక్కు.

“పండుగాడి బొమ్మ ఇదీ, అత్తయ్యా. మీరు దిద్దింది మీ అబ్బాయిది. పండుగాడి వయసులో ఉన్నప్పటి ఈ ఫొటో చూసి చేశాను. తండ్రీ కొడుకుల్ని పక్కపక్కన పెట్టి మీకే ఇద్దామనుకున్నాం.”

అత్తగారు ఫొటో వంక చూసింది. కోటేరు జాడ ఎక్కడా లేదు.

“ముందే ఒక్కమాట చెప్పొచ్చు కదమ్మా,” అంది.

“చెబుదామనే అన్నానత్తయ్యా. ఆయనే వద్దన్నారు. ‘మా అమ్మ నా నీడ చూసినా పోల్చుకుంటుంది’ అన్నారు.”