చెయ్యి పెట్టి చూడు

బసీమా ఇంట్లో బడికి వెళ్లాలా వద్దా అన్నది నుదురు తేలుస్తుంది. చెయ్యి పెడితే కాలిందా, ఆ రోజు పిల్ల ఇంట్లోనే. కాలలేదా, సంచి భుజాన తగిలించుకోవాల్సిందే.

ఈ ఉదయం తొమ్మిదేళ్ల ఇనాస్ బుగ్గలు కందిపోయి ఉన్నాయి. రాత్రి ఎంతో ఇష్టమైన చేప రొట్టె కూడా ముట్టలేదు. బడికి వెళ్లగానే లెక్కల పరీక్ష. కిందటిసారి లెక్కల్లోనే తప్పింది.

బసీమాకు అనుమానం వచ్చింది.

"ఇలా రా. నుదురు చూడనీ."

ఇనాస్ వెనక్కి జరిగింది. "ఒక్క నిమిషమమ్మా. నీళ్లు తాగొస్తా."

వంటింట్లోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది. నీళ్లు తాగడానికి తలుపెందుకు?

ఇంతలో పక్కింటి మబ్రూకా అత్త గుమ్మంలోకి వచ్చింది. మొనాస్తీర్ ఊళ్లోని కుట్టు ఫ్యాక్టరీలో ఇద్దరివీ పక్కపక్క మిషన్లు.

"ఏమే, ఫ్యాక్టరీ వ్యాను వచ్చే వేళైంది. ఇంకా ఇలాగే ఉన్నావేం?"

"పిల్లకి ఒంట్లో బాగాలేనట్టుంది అత్తా. నిజమో నాటకమో తెలీట్లేదు."

"పరీక్షేమైనా ఉందా ఇవాళ?"

"లెక్కలు."

అత్త నవ్వింది. "ఇంకేం, నాటకమే. మా నబీల్ గాడు వేడి టీ గ్లాసు నుదుటికి ఆనించుకుని, జ్వరమమ్మా అని మూలిగేవాడు. నేనొక వెర్రిదాన్ని, చాన్నాళ్లు నమ్మాను. ఇంతకీ ఎక్కడుంది నీ కూతురు?"

"వంటింట్లో."

"పొయ్యి మీద ఏముంది?"

"టీ."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

అత్త గొంతు తగ్గించింది. "పోయిన నెల దాని జ్వరానికని నువ్వు ఆగిపోతే సూపర్‌వైజర్ ఏమన్నాడు? ఇంకోసారి మానేస్తే మళ్లీ రానక్కర్లేదన్నాడు. ఇంటికొచ్చి పిల్ల ముందే ఏడ్చావు. మీ ఆయన చూస్తే చేపల పడవ మీద, ఎప్పుడొస్తాడో తెలీదు. నిజంగా జ్వరమైతే ఆగు, తప్పదు. దాని వేషాలకి మాత్రం పని పోగొట్టుకోకు."

సందు చివర వ్యాను హారన్ మోగింది.

బసీమా చప్పుడు కాకుండా వెళ్లి తలుపు సందులోంచి చూసింది. ఇనాస్ అటు తిరిగి పొయ్యి పక్కనే నిలబడి ఉంది. రెండు చేతులతో దేన్నో నుదుటికి అదుముకుంటోంది.

బసీమాకు కోపం నషాళానికంటింది. తలుపు తోసింది.

"దొరికావు. ఏంటది?"

ఇనాస్ ఉలిక్కిపడింది. చేతులు వెనక్కి దాచుకుంది. "ఏం లేదమ్మా. ఇప్పుడు చూడు. చెయ్యి పెట్టి చూడు."

"నుదురు తర్వాత. ముందు చేతిలోది చూపించు."

ఇనాస్ తల అడ్డంగా ఊపింది. కళ్లనిండా నీళ్లు.

బసీమా బలవంతంగా ముందుకు లాగిన ఆ చేతుల్లో ఉన్నది, ఫ్రీజర్‌లోంచి తీసిన బఠాణీల పొట్లం.