జెరోనిమో రుద్దిన కిటికీలు

సీసం పరీక్ష తప్పితే ఆ ఇంట్లో మనుషులు ఉండటానికి వీల్లేదు. ఆ మాట చెవిన పడ్డప్పటి నుంచి జెరోనిమోకు కంటిమీద కునుకు లేదు.

అమెరికాలోని పాటకెట్‌ ఊళ్లో ఆ మూడంతస్తుల చెక్క ఇల్లు తాతల కాలం నాటిది. అలాంటి పాత ఇళ్ల రంగులో సీసం ఉంటుంది. పెచ్చులూడి పొడి రాలితే పసిపిల్లల బుర్రలు పాడవుతాయట. అందుకని అద్దెకిచ్చే పాత ఇళ్లన్నిటికీ పరీక్ష పెట్టారు.

భార్య పోయాక జెరోనిమోకు మిగిలింది ఆ ఇల్లే. పైకప్పు కారితే ఎక్కి మూసింది అతనే. విరిగిన మెట్లు మార్చింది అతనే. పెరట్లో ద్రాక్షపందిరి వేసి, ఏటా సారా సీసాల నిండా వైను పోసిందీ అతనే. ఇప్పుడు దీన్ని వదిలి పొమ్మంటే ఎక్కడికి పోతాడు?

కింది వాటాలో ఉండే డియొలిండాకు మాత్రం ఆ దిగులేమీ ఉన్నట్టు లేదు. ఆవిడా భర్త పోయిన మనిషే. నోరు మాత్రం ముగ్గురి పెట్టు. పరీక్షకు ముందురోజు వేడివేడి మలసాడా బూరెలు వేయించి, పంచదార అద్ది పట్టుకొచ్చింది. తినేదాకా ఆగి సలహా ఇచ్చింది.

"కిటికీలు గరుకు కాగితంతో బాగా రుద్దవయ్యా. నున్నగా ఉంటే వచ్చినవాడు మెచ్చుకుని పోతాడు."

జన్మకో మంచిమాట చెప్పిందనుకుని, జెరోనిమో జబ్బలు పడిపోయేలా రుద్దాడు.

తెల్లారి పరీక్ష చేసే కుర్రాడు ఇవాండ్రో వచ్చాడు. వెనకే పిలవని పేరంటానికొచ్చినట్టు డియొలిండా కూడా తయారైంది. గదిలో ఒక కిటికీ రుద్దడానికి ఓపిక చాలక, జెరోనిమో దానికి బీరువా అడ్డం పెట్టాడు.

"ఆ బీరువా వెనకాల కూడా చూడు నాయనా," అంది డియొలిండా తీయగా.

"నీ దుంపతెగా! అసలు నువ్వెవరి పక్షం?"

"సీసం పక్షం."

ఇవాండ్రోకు బీరువా దాకా పోయే పనే పడలేదు. మొదటి కిటికీ గట్టు మీద టార్చి వేసి చూశాడు. తెల్లటి పొడి మేట వేసి ఉంది.

"దీన్ని ఎవరు రుద్దారు?"

"ఇంకెవరు, నేనే!" అన్నాడు జెరోనిమో ఛాతీ విరుచుకుని.

"తడపకుండానే?"

"తడిపితే నున్నదనం ఎలా వస్తుందయ్యా?"

ఇవాండ్రో తల పట్టుకున్నాడు. "పాత రంగును పొడిగా రుద్దకూడదు పెద్దాయనా! చెక్కకు అంటుకుని తన మానాన తనున్న సీసాన్ని లేపి ఈ వాటా అంతా చల్లారు."

జెరోనిమో గిర్రున డియొలిండా వైపు తిరిగాడు. ఆవిడ ఇంటి కప్పు కేసి చూస్తోంది.

"నా కొంప ముంచావు కదే!"

"రుద్దమన్నాను కానీ, ఇంత శ్రద్ధగా రుద్దమన్నానా?"

"పరీక్ష తప్పింది," అన్నాడు ఇవాండ్రో. "కింది వాటా ఇదివరకే నెగ్గింది కానీ, ఈ అంతస్తంతా శుభ్రం చేయించి, మళ్లీ పరీక్ష నెగ్గేదాకా ఇక్కడ ఎవరూ ఉండకూడదు. అద్దెకున్నవాళ్లకు అందాకా యజమానే చోటు చూపించాలి. ఇది చట్టం."

జెరోనిమో కుర్చీలో కూలబడ్డాడు. ఈ వయసులో ఇదేం ఖర్మరా దేవుడా అని అతనికి ఏడుపొచ్చింది.

"చట్టం చెప్పాక మనమేం చేస్తాం! కింద నా పక్కగది పోయినవారమే సర్ది ఉంచాను, పద," అంది ఇంటి యజమానురాలు డియొలిండా, తన అద్దెమనిషి జెరోనిమోను చెయ్యి పట్టుకుని లేవదీస్తూ.