దాచుకునే విద్య

"దాచడం ఈ వయసులోనే నేర్చుకోవాలి. ఏడాదిగా మట్టి డిబ్బీ పగలగొట్టకుండా డబ్బు దాచిన ఈ పిల్లకే నా బహుమతి!" కడుపు నిండిన బ్యాంకు మేనేజరు తొమ్మిదో తరగతికి నీతులు వల్లించాడు. "ఎవరు నేర్పారమ్మా నీకు?"

"మా అమ్మ సార్." టీ తెచ్చిన ఆయాను చూపించింది పిల్ల.

"శభాష్!" మేనేజరు ఆయా వైపు తిరిగాడు. "నువ్వేం దాస్తావమ్మా?"

ఆయా గబుక్కున చెంపకు చెయ్యి అడ్డం పెట్టుకుంది. పిల్ల ఆ చెయ్యి లాగేసింది. చెంప బంతిలా వాచి ఉంది.

"పన్ను నొప్పా? ఎన్నాళ్ల నుంచమ్మా?" పిల్ల అడిగింది.

"నెల నుంచే. చెబితే డాక్టరంటూ డిబ్బీ పగలగొడతావని..."

"చూశారా, పొదుపంటే ఇదీ!" మేనేజరు చప్పట్లు కొట్టాడు.

పిల్ల చేతిలోని డిబ్బీని ఆయన ముందున్న టేబుల్ మీదే బద్దలు కొట్టింది. చిల్లర ఏరుకుని తల్లి చెయ్యి పట్టుకుంది.

"అయ్యో, బహుమతి పోయిందే!"

"దాన్ని మీరే దాచుకోండి సార్."