మనసు గట్టిగా ఉంటే చాలు

“ఆవిడ చెప్పులు లోపల విడవమను. గుమ్మం ముందు కొత్త చెప్పులు కనిపిస్తే ఎదురింటావిడ ఆరా తీస్తుంది,” అంది అత్తగారు, హాలు కిటికీకి కర్టెన్ లాగేస్తూ.

కొత్త కోడలు తలుపు తీసింది. వచ్చినామె తాగుడు మాన్పించే సెంటర్లో కౌన్సిలర్. చెప్పులు చేత్తో పట్టుకుని మరీ లోపలికొచ్చింది.

మరిది లిఫ్టులు బాగుచేస్తాడు. తాగి డ్యూటీకి వచ్చాడని కంపెనీ ఇంటికి పంపేసింది. చికిత్సలో చేరినట్టు సోమవారంలోగా చూపిస్తేనే మళ్లీ పని. అతను సరేనన్నాడు. అననిది వాళ్లమ్మే. కోడలు ఫోన్ల మీద ఫోన్లు చేసి వెతికిన థెరపిస్టులందరికీ అత్తగారు పెళ్లికొడుకులకు పెట్టినట్టు వంకలు పెట్టింది. ఒకాయన మరీ దగ్గర, వీధిలోవాళ్లు చూస్తారు. ఒకాయన మరీ దూరం, రోజంతా ఎక్కడికెళ్లాడని అడుగుతారు. ఇంకొకాయన బోర్డు మీద ‘మద్యం’ అన్న మాట ఆమడ దూరానికి కనిపిస్తోందట. ఇంటికొచ్చి మాట్లాడతానన్నది ఈమె ఒక్కతే.

“ఎప్పుడైనా తాగావా?” అని అడిగింది అత్తగారు, ఆమె ఇంకా సోఫాలో సర్దుకోకముందే.

“లేదండీ.”

“తాగనిదానివి తాగేవాడికి ఏం చెప్తావమ్మా?”

“అమ్మా,” అన్నాడు మరిది.

“నువ్వూరుకో. బడిలో ఎన్ని వందలమందిని దారిలో పెట్టాను నేను. ఏ కౌన్సిలర్ని పిలిచాను?”

కోడలి భర్త, ఆవిడ పెద్ద కొడుకు, ఫోన్లో వాతావరణం చూసుకుంటున్నాడు. ఇంట్లో తుఫాను కంటే బయటి తుఫానే నయమన్నట్టు. అదీ ముచ్చటగానే తోచింది కోడలికి. కాపురానికి వచ్చిన దగ్గర్నుంచీ ఆమెకు అన్నీ ముచ్చటే, తడి తువ్వాలు మంచం మీద పడేసినా ముచ్చటే. దిగులల్లా ఒక్కటే, కర్టెన్ వెనక తన పూలన్నీ దాగిపోయాయి. కిటికీ నిండా చిన్న చిన్న గోధుమరంగు సీసాలు పేర్చి, ఒక్కోదాంట్లో ఒక్కో పువ్వు పెట్టుకుంది. ఎండ పడితే తేనె నింపినట్టుంటాయి. వచ్చినామె ఒక్కసారి చూస్తే బాగుండును.

కౌన్సిలర్ మరిదిని మెల్లగా అడుగుతోంది. పొద్దున్నే తాగాలనిపిస్తుందా? మానితే చేతులు వణుకుతున్నాయా? చెమటలు పడుతున్నాయా?

“అవేం లేవండీ. వారం నుంచీ ముట్టలేదు. కాకపోతే సాయంత్రమయ్యేసరికి కాళ్లు వాటంతటవే అటు లాగుతున్నాయి.”

“దానికి దారులున్నాయి. వారంవారం వచ్చి నాతో మాట్లాడొచ్చు. మానేసినవాళ్లందరూ కలిసి కూర్చునే మీటింగులున్నాయి.”

“పదిమందిలో లేచి నిలబడి నేను తాగుబోతుననాలా?” అంది అత్తగారు. “దానికంటే వీధి చివర మైకు పెట్టించడం నయం.”

“డాక్టరుగారు చూసి, తాగాలన్న యావ తగ్గడానికి మాత్రలిస్తారు.”

“ఒక అలవాటు మానడానికి ఇంకో అలవాటా? బాగుంది నీ వైద్యం.”

“పోనీ, కొన్నాళ్లు సెంటర్లోనే ఉండి...”

“ఉండి? రేపు వీడికి పిల్లనెవరిస్తారు, నువ్విస్తావా?”

కోపానికి ఆవిడ చేతిలో కప్పు సాసరు మీద టకటకలాడింది. కప్పు కింద పెట్టేసి, “మీతో అరిచి అరిచి గొంతు పట్టేసింది,” అంటూ వంటింట్లోకి వెళ్లింది. అలమర తెరిచి, మూతెడు మందు పోసుకుని గుటుక్కున మింగి వచ్చింది. వచ్చేసరికి మొహం వెన్నెల కాసినట్టుంది.

“చూడమ్మా,” అంది చల్లగా, “మనసు గట్టిగా ఉంటే చాలు. ఏ డాక్టరూ అక్కర్లేదు. నన్ను చూడు, కాఫీ కూడా రెండో కప్పు ముట్టను.”

మరిది లేచి నిలబడ్డాడు. “నీ మనసు గట్టిదే అమ్మా. నాది కాదు. సోమవారం దాటితే నా పని పోతుంది. నేను వెళ్తాను.”

“వెళ్లు. వెళ్లినవాడివి మళ్లీ ఈ గడప తొక్కకు,” అని అత్తగారు విసురుగా వంటింట్లోకే నడిచింది.

ఇంటికొచ్చిన మనిషి ముందు ఈ గొడవేమిటని కోడలికి ఇబ్బందిగా ఉంది. ఏం చేయాలో తోచక గబగబా వెళ్లి కర్టెన్ పక్కకు లాగింది. ఎండ లోపలికొచ్చింది. సీసాలన్నీ ఒక్కసారిగా వెలిగాయి.

“ఎంత బాగా పెట్టారో,” అంది కౌన్సిలర్ దగ్గరికొచ్చి. “ఇన్ని సీసాలు ఎక్కడివి?”

“మా అత్తయ్య దగ్గుమందువండీ,” అంది కోడలు మురిసిపోతూ. “పారేస్తుంటే నేనే కడిగి దాచా. నేను కాపురానికి వచ్చాక పోగైనవే ఇవన్నీ. మా గది కిటికీ కూడా నిండొచ్చింది.”

కౌన్సిలర్ ఒక సీసా అందుకుని, పువ్వు పక్కకు జరిపి, చెరిగీ చెరగని చీటీ చదివింది. “అత్తయ్యగారికి దగ్గు బాగా ఎక్కువా?”

కోడలు ఆలోచనలో పడింది. అత్తగారి గురక విన్నది, గొణుగుడు విన్నది, తిట్లు రాగాలతో సహా విన్నది. దగ్గడం మాత్రం, ఎంత గుర్తు చేసుకున్నా, ఒక్కసారీ విన్నట్టు లేదు.

వంటింట్లో అలమర తలుపు మళ్లీ కిర్రుమంది.

కౌన్సిలర్ సీసా జాగ్రత్తగా దాని చోట పెట్టేసి సెంటర్‌కి ఫోన్ కలిపింది. “డాక్టరుగారికి చెప్పు,” అంది గొంతు తగ్గించి. “అబ్బాయి వారానికోసారి వచ్చిపోతే సరిపోతుంది. వాళ్లమ్మకి మాత్రం ఈరోజే బెడ్ కావాలి.”